ఎదుటి చేతిని నమ్మి పాడిన మద్దిలేటి

మద్దిలేటికి పేకలో ఏనాడూ మంచి ముక్కలు పడలేదు. అయినా ఏనాడూ పాట తగ్గించలేదు. తన చేతిలో ఉన్నవి చూసి పాడే అలవాటు అతనికి లేదు. ఎదురుగా కూర్చున్నవాడి చేతిలో ఏముంటే బాగుంటుందో ఊహించుకుని, అవి ఉన్నట్టే లెక్కగట్టి పాడేస్తాడు. ఆ ఎదురుగా కూర్చునే పాపాత్ముణ్ణి నేనే. కాబట్టి అతని గురించి చెప్పే హక్కు ఊళ్ళో నాకున్నంతగా మరొక్కరికే ఉంది. ఆ మరొకరు అతని భార్య వసంత. ఆమెకు చెప్పే తీరిక లేదు.

నా పేరు అనంతయ్య, బట్టలు కుడతాను. మా ఊరు గద్వాలకూ అలంపూరుకూ నడుమ ఉంది. అలంపూరు వరదకు రెండు మూడేళ్ళ ముందటి మాట ఇది. ఊరి మొదట్లో సర్కారు కట్టించిన బస్సు షెల్టరు ఉంది. బస్సు మాత్రం అక్కడ ఆగదు, డ్రైవరుకు చాయ్ దొరికే హోటలు దగ్గర ఆగుతుంది. సర్కారు సొమ్ము వృథా పోకూడదు కదా. అందుకని మా మగవాళ్ళు మధ్యాహ్నం అన్నాలు తిని అక్కడ చేరి, పొద్దుగూకే దాకా ఇరవై ఎనిమిది అనే ఆట ఆడేవారు. నా మిషను ఆ పక్కనే ఉండటం వల్ల నన్ను కూడా లాగారు. రాకుండా ఉండేవాణ్ణని చెప్పను.

ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పేకలో రెండు నుంచి ఆరు దాకా తీసేస్తే ముప్పై రెండు ముక్కలు మిగులుతాయి. నలుగురు ఆడాలి, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒక జత. ఈ ఆటలో రాజుకూ రాణికీ విలువ లేదు. జాకీకి, అంటే బంట్రోతుకు, మూడు లెక్కలు, తొమ్మిదికి రెండు, ఆసుకూ పదికీ ఒక్కొక్కటి. అన్నీ కూడితే ఇరవై ఎనిమిది. రాజు కన్నా బంట్రోతు ఎక్కువనే ఈ ఆటను ఎవరో తాలూకాఫీసు చుట్టూ బాగా తిరిగినవాడే కనిపెట్టి ఉంటాడు.

మొదట తలా నాలుగు ముక్కలు పంచుతారు. ఆ నాలుగూ చూసుకుని, మా జత ఇన్ని లెక్కలు తెస్తుందని పద్నాలుగు నుంచి పైకి పాడుకుంటూ పోవాలి. అందరికన్నా ఎక్కువ పాడినవాడు ఒక రంగును తురుఫు అనుకుని, ఆ రంగు ముక్క ఒకటి బోర్లా పెట్టి దాస్తాడు. అప్పుడు మిగతా ముక్కలు పంచుతారు. మొదటివాడు ఏ రంగు వేస్తే అందరూ ఆ రంగే వేయాలి. లేనివాడు దాచిన తురుఫు తెరిపించి, తన దగ్గరున్న తురుఫు ముక్కతో కోయవచ్చు. నలుగురూ తలో ముక్క వేస్తే అది ఒక పట్టు, అందులో ఉన్న లెక్కలు గెలిచినవాడి జతకు. పాడినన్ని లెక్కలు రావాలి. ఒకటి తగ్గినా ఆట పోయినట్టే.

బుద్ధి ఉన్నవాడు తన చేతిలో రెండు పెద్ద ముక్కలుంటే పదహారు, పదిహేడు దాకా పోయి ఆగుతాడు. మద్దిలేటి ఒక్క జాకీ కనిపిస్తే చాలు, దాని తొమ్మిది నా దగ్గరుందని తీర్మానించేస్తాడు. ఆసు కూడా నాకే పంచుతాడు. ఇంకా రాని ముక్కల్లో మిగతా జాకీలు తనకొస్తాయి. ఆ లెక్కన అతనికి పాట ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. ఓడిపోయాక నా వైపు చూసి, "తొమ్మిది ఏది బావా?" అని అడిగేవాడు. ఎక్కడో పారేసుకొచ్చినట్టు నేను తలదించుకోవాలి.

పేక దగ్గరే ఇలా అయితే సరిపెట్టుకునేవాళ్ళం. ఒకసారి బీచుపల్లి జాతరకు ట్రాక్టరు మాట్లాడానని చెప్పి, ఊళ్ళో సగం మందిని మూటాముల్లెలతో రోడ్డు మీద నిలబెట్టాడు. ట్రాక్టరు అతని బామ్మర్దిది. బామ్మర్దికి ఆ సంగతే తెలియదు, ట్రాక్టరేమో ఇంజను విప్పి రిపేరులో ఉంది. పంద్రాగస్టుకు బడి నిండా గుడ్డ జెండాలు కట్టిస్తానని హెడ్మాస్టరుకు మాటిచ్చాడు. కుట్టినవాణ్ణి నేను. దండ మాత్రం అతనికి వేశారు. ఇంతా చేసి అతను అబద్ధాలకోరు కాదు, తాగుబోతు కాదు. అదే వచ్చిన తంటా. చెడ్డవాడైతే నాలుగు తిట్టి వదిలేసేవాళ్ళం. తన చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో అన్నీ జాకీలే ఉన్నాయని అతను నిజంగా నమ్మేవాడు.

ఇక పందెం సంగతి. మా వాళ్ళు పైసలు పెట్టి ఆడరు. పైసలు పెడితే దాన్ని పేకాట అంటారు, పోలీసులు వస్తారు. అందుకని పొద్దులు, అంటే రోజు పని, పెట్టేవారు. మా దిక్కు ఎటు చూసినా సీడు పత్తి, అంటే విత్తనం కోసం వేసే పత్తి. ఆడ చెట్టు మొగ్గలను సాయంత్రం పూట ఒక్కొక్కటే వొలిచి, లోపలి పుప్పొడి తీసేయాలి. మర్నాడు ఎండెక్కి మగ చెట్ల పువ్వులు విచ్చుకున్నాక, ఆ పువ్వు తెచ్చి వొలిచిన మొగ్గ నడిమి కాడకు, అంటే ముడికి, రుద్దాలి. దాన్ని క్రాసింగ్ అంటారు. ఆ పొద్దు దాటిందా, మొగ్గ రాలిపోతుంది. మళ్ళీ అతికించలేం. ఈ పనంతా ఆడవాళ్ళ వేళ్ళతో జరిగేది. ఓడిన జతలో ఒక్కో ఇంటి నుంచి ఒక్కో మనిషి, గెలిచినవాళ్ళ చేనుకు ఒక పొద్దు క్రాసింగుకు పోవాలి. అదీ పందెం.

అంటే ఆడేది మగవాళ్ళు, ఓడేది మగవాళ్ళు, పొద్దున్నే గిన్నె కట్టుకుని పోయేది ఆడవాళ్ళు. ఇందులో వింత ఏముందో మా ఊళ్ళో ఎవరికీ తోచలేదు. నా ఇంట్లో ఆడదిక్కు లేదు, అమ్మ పోయింది, పెళ్ళి కాలేదు. అందువల్ల నా పొద్దులకు నేనే పోయేవాణ్ణి. మద్దిలేటి పుణ్యమా అని ఊరి మగవాళ్ళలో క్రాసింగ్ వచ్చిన ఏకైక మనిషిని అయ్యాను.

వసంత పోయి వచ్చేది. ఒక పొద్దు, రెండు పొద్దులు, గొణుక్కుంటూ పోయేది. ఆ ఏడు మాత్రం ఆమెకు సొంత చేను ఉంది. సొంతమంటే కౌలుకే, అర ఎకరం, బోరు నీళ్ళున్న నేల. రామచంద్రయ్య పటేల్ ది. మద్దిలేటికి కౌలు ఇచ్చే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి, పటేల్ ఆమెతోనే మాట అనుకున్నాడు. "కాత మంచిగ నిలబడితే వచ్చే ఏడు గుడ నీకే వసంతా. లేకుంటే ఉగాదికి ఇడిచిపెట్టాలె. అడిగెటోళ్ళు మస్తు మంది ఉన్నరు." ఆమె ఒప్పుకుంది. పెళ్ళయిన నాటి నుంచి ఎవరి చేనుకో పోయిన మనిషి, మొదటిసారి తన చేను అని చెప్పుకునే చోట నిలబడింది. నడకే మారింది. నాకు చూసి సంతోషమయ్యేది.

పూత జోరు మీద ఉన్న రోజులు వచ్చాయి. ఆ మధ్యాహ్నం షెల్టరులో మా ఎదురు జత రామచంద్రయ్య పటేల్, అతని మేనల్లుడు దశరథం. పటేల్ చేనుకు వచ్చే కూలీలు, కూలి ఎక్కువ ఇస్తారని వేరే ఊరికి మళ్ళారు. అతనికి చేతులు కావాలి. చేతులంటే వసంత చేతులే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ఏంది మద్దిలేటి, రోజుకొక్క పొద్దు, పిల్లలాట లెక్క," అన్నాడు పటేల్ ముక్కలు పంచించుకుంటూ. "ఈ ఒక్క ఆటకు వారం పెడుదమా?"

"పెట్టుండ్రి పటేలా. వారమైతే ఏంది," అన్నాడు మద్దిలేటి.

"బావా, జర ఆగు," అన్నాను నేను.

"నీ మొఖం చూస్తెనే ధైర్యమైతది బావా," అన్నాడు.

నా ముఖంలో ఏం కనిపించిందో గాని, నా చేతిలో ఉన్నవి రెండు ఏడులు, ఒక ఎనిమిది, ఒక రాణి. పటేల్ పదహారు అన్నాడు. ఇతను పదిహేడు. పటేల్ పద్దెనిమిది అని, గడ్డం గోక్కుని ఊరుకున్నాడు. మద్దిలేటి పంతొమ్మిదిని దాటి ఒకేసారి ఇరవై అన్నాడు. పటేల్ వెంటనే పాస్ అన్నాడు. చేప గాలం మింగినాక గుంజడానికి తొందరేముంది?

తురుఫు ఇస్పేటు. మద్దిలేటికి అందులో ఉన్నవి రెండే, జాకీ, దాచిన ఏడు. పటేల్ ఆఠీను జాకీతో మొదలుపెట్టి మొదటి పట్టు లాగాడు. మళ్ళీ ఆఠీను ఎనిమిది వేశాడు. మద్దిలేటికి ఆ రంగు అయిపోయింది, తురుఫు తెరిచాడు. ఎదురుగా ఉన్నది ఉత్త ఎనిమిది. ఏడుతో కోస్తే సరిపోయేది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమన్నట్టు జాకీ వేసి కోశాడు. దశరథం రాణి వేశాడు, నేను నా పదిని సమర్పించుకున్నాను. తర్వాత మాకు వచ్చిన పట్లు చెప్పుకోదగ్గవి కావు. అన్నీ కూడితే పదకొండు లెక్కలు. పాడినవి ఇరవై.

"తొమ్మిది నీ తాన లేదా బావా?" అన్నాడు మద్దిలేటి.

సాయంత్రం ఇద్దరం వసంత చేనుకు పోయాం. ఒంటరిగా చెప్పే ధైర్యం లేక నన్ను వెంటబెట్టుకున్నాడు. ఆమె వంగి మొగ్గలు వొలుస్తున్నది. అతను చెబుతున్నంతసేపూ చేతులు ఆపలేదు.

"వారమా?" అన్నది చివరికి. "ఈ వారమేనా?"

"ఈ వారమే. పటేల్ చేన్ల పువ్వు జోరు మీద ఉన్నది గద."

"మన చేన్ల లేదా?"

"మనది అర ఎకరమే గద వసంతా. తెల్లారకముందే లేసి రుద్దేసి పోతివంటే..."

తెల్లారకముందు మగ పువ్వు విచ్చుకోదు. పత్తి చేల మధ్య పుట్టి, పత్తి చేల మధ్య మీసం మొలిచినవాడికి ఆ సంగతి తెలియదు. వసంత నడుం ఎత్తి అతన్ని చూసింది. అంత అలసిన చూపు నేను ఎవరి దగ్గరా చూడలేదు.

"నేను పోను," అన్నది.

"మాటిచ్చిన. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇచ్చినోడివి నువ్వు. నువ్వే పో."

మళ్ళీ వంగి మొగ్గలు వొలుచుకుంది. అతను కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆమె ఎప్పటిలాగే గొణిగి ఊరుకుంటుందని అనుకున్నట్టున్నాడు. ఆమె గొణగలేదు.

మర్నాడు పొద్దున నేనూ మద్దిలేటీ పటేల్ చేనుకు పోయాం. మిగిలిన కూలీల మేస్త్రి ఎస్తేరమ్మ మమ్మల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతనికి ఎట్లా రుద్దాలో నేను చూపించాను. అతను శ్రద్ధగా విన్నాడు. విని, మగ పువ్వును పట్టుకుని, పేక ముక్కను నేలకేసి కొట్టినట్టు కొట్టాడు. ముడి విరిగింది. రెండోదీ విరిగింది.

"మద్దిలేటన్నా, జర మెల్లగ," అన్నది ఎస్తేరమ్మ. "అది తురుఫు గాదు, పువ్వు."

ఎండ ఎక్కేసరికి అతని సాలు పొడుగునా విరిగిన పువ్వులే. పటేల్ వచ్చి చూశాడు. ముఖం నల్లబడింది.

"నీ ఏళ్ళు నాకెందుకురా? పందెం కట్టింది వసంత చేతుల మీద," అన్నాడు. "రేపటి సంది ఆమె రావాలె. రాకుంటే ఉగాదికి చేను ఇడిచిపెట్టుమని చెప్పు."

ఇంత జరిగాక ఎవడైనా పేక ముట్టుకుంటాడా? మద్దిలేటి ముట్టుకున్నాడు. పోయినదాన్ని పోయినచోటే వెతకాలని అతని సిద్ధాంతం. ఆ మధ్యాహ్నం అతనే అందరికన్నా ముందు షెల్టరుకు వచ్చి కూర్చున్నాడు. నేను అతన్ని అక్కణ్ణుంచి లేపుకుపోదామని పోయి, ఎప్పటిలా ఎదురుగా కూలబడ్డాను. పటేల్ కూడా వచ్చాడు, దశరథం వచ్చాడు. తలా నాలుగు ముక్కలు పడ్డాయి.

"ఒక పని చేద్దాం," అన్నాడు పటేల్, అతి దయగా. "ఈ ఆట నువ్వు గెలిస్తే వారం మాఫ్. చేను గుడ ఐదేండ్లు మీకే. నేను గెలిస్తే ఈ పంట తీసినంక చేను మళ్ళ నాకే ఇడవాలె. ఏమంటవ్?"

"సరే పటేలా," అన్నాడు మద్దిలేటి.

అప్పటికి అతను తన ముక్కలు తిప్పి కూడా చూడలేదు. ఆ మాట అన్నప్పుడు వసంత షెల్టరు మెట్టు దగ్గర నిలబడి ఉంది. పటేల్ కబురు ఎస్తేరమ్మ చెబితే, పటేల్ తోనే మాట్లాడదామని చేను నుంచి నేరుగా వచ్చింది. ఆట జరిగే చోటుకు ఆడవాళ్ళు రారు. ఆమె వచ్చేసరికి అందరం కాళ్ళు ముడుచుకుని సర్దుకున్నాం. ఆమె పటేల్ వైపు చూడలేదు.

"ఏమయ్యా," అన్నది మొగుడితో. "నీ చేతిల ఏమున్నదని సరే అన్నవ్?"

మద్దిలేటి తల ఎత్తాడు. ఆ ప్రశ్న అతనికి అర్థం కానట్టే ఉంది.

"నువ్వున్నవ్ గద," అన్నాడు.

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అతను ఎకసెక్కానికి అనలేదు, పటేల్ ముందు డాంబికానికీ అనలేదు. నీళ్ళు పల్లానికి పోతాయని చెప్పినంత మామూలుగా అన్నాడు. ఇన్నేళ్ళుగా అతను పాడిన ప్రతి పాటకూ అదే ధైర్యం. నాకు అతని మీద కోపంతో ఒళ్ళు మండింది. దాంతోపాటు జాలి కూడా కలిగింది. పెళ్ళాన్ని అంతగా నమ్మినవాడు ఊళ్ళో మరొకడు లేడు. ఆ నమ్మకమే ఆమె నెత్తిన బండలా కూర్చుంది.

వసంత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. చేతులకు ఇంకా పువ్వుల పుప్పొడి ఉంది.

"నేను లేననుకో," అన్నది. "లేననుకొని చూసుకో, నీ తాన ఏమున్నదో."

అతను ముక్కలు తిప్పాడు. నాలుగు ముక్కలు చూడటానికి ఎంతసేపు పడుతుంది? అతనికి చాలాసేపు పట్టింది. ఒక్కొక్కదాన్నీ వేలితో జరిపి, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ జరిపి చూశాడు. నా ముఖం వైపు చూడలేదు. తర్వాత నాలుగింటినీ తెరిచి అందరి ముందు పెట్టాడు. రెండు రాజులు, ఒక ఏడు, ఒక ఎనిమిది. లెక్కకు వచ్చేది ఒక్కటీ లేదు.

"నా తాన ఏం లేదు పటేలా," అన్నాడు. "చేను ఆమెది. దాని మీద నేనెట్ల ఆడుత?"

"సరే అన్నవ్ గద ఇప్పుడే," అన్నాడు పటేల్.

నేను నా ముక్కలు బోర్లించి పేకలో కలిపేశాను. దశరథం మేనమామ వైపు చూసి, "ఇడువు మామా. ఊళ్ళె ఇంటే బాగుండదు," అని తనవీ కలిపాడు. ఇరవై ఎనిమిది ఒక్కడు ఆడే ఆట కాదు. పటేల్ చేతిలో నాలుగు ముక్కలు పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. మంచి ముక్కలే పడి ఉంటాయి పాపం.

"పటేలా," అన్నది వసంత. "మీరు చేను ఇచ్చింది నాకు. కాత చూసి అడుగుండ్రి, ఇస్త. పందెంల అడిగితే ఇయ్య. వారం పొద్దులు ఆయన ఓడిండు, ఆయన వస్తడు."

"ఆయన వస్తడా," అన్నాడు పటేల్ నీరసంగా.

"వస్త పటేలా," అన్నాడు మద్దిలేటి.

వారమంతా పోయాడు. పందెం పందెమే కాబట్టి రావద్దనడానికి పటేల్ కు నోరు రాలేదు, రమ్మనడానికి మనసు రాలేదు. గట్టు మీద కూర్చుని, విరిగిన ప్రతి పువ్వుకూ నిట్టూర్చేవాడు. వారం చివరికి మద్దిలేటి రెండు పువ్వుల్లో ఒకటే విరిచే స్థితికి వచ్చాడు. వసంత చేనులో కాత నిలబడింది. మరుసటి ఉగాదికి కౌలు ఆమెదే. పటేల్ ఆ సంగతి ఎత్తలేదు, ఆమే పోయి మాట తీసుకుని వచ్చింది. ఆ వెనక ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఓడినవాణ్ణే పొమ్మనడం మొదలుపెట్టారు. దాంతో మా మగవాళ్ళకు హఠాత్తుగా ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి. షెల్టరు చాలా రోజులు ఖాళీగా ఉండిపోయింది. బస్సు మాత్రం అప్పుడు కూడా ఆగలేదు.

మళ్ళీ ఆట మొదలైంది గాని, ఇప్పుడు ఉత్త ఆటే, పందెం లేదు. మద్దిలేటి ఇప్పటికీ నా ఎదురుగానే కూర్చుంటాడు. పాట దగ్గరకు వచ్చేసరికి తన ముక్కలు చూసుకుంటాడు. చూసుకుని, తల ఎత్తి, "బావా, నీ తాన ఏమున్నది?" అని అడుగుతాడు. ఇరవై ఎనిమిదిలో అంతకన్నా పెద్ద తొండి లేదు. జత మనిషిని నోరు తెరిచి అడగకూడదు, కళ్ళతో కూడా అడగకూడదు. దశరథం అక్కడికక్కడే ఆట కొట్టేసి మాకు ఓటమి కట్టేస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా ఇతనికి ఆ అలవాటు పోలేదు. ఇంట్లో పడిన అలవాటట, ఏ మాట ఇవ్వాలన్నా ముందు వసంతను అట్లా అడుగుతున్నాడట. నేనూ చెప్పడం మానేశాను. అతను అడిగినప్పుడల్లా నా ముక్కలు తిప్పి చూపించేస్తున్నాను. ఆట పోతే పోయింది.